అడవి పందిని గుద్దిన కారును హైదరాబాద్ దాకా నడుపుకుంటూ పోవచ్చా?

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా తమ్ముడూ. నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రాత్రి దేవరకొండ నుంచి డిండి వస్తుంటే పల్లి చేనులోంచి అడవి పంది ఉరికొచ్చి కారు ముందు పడింది. దెబ్బ తిన్న పంది లేచి చేనులోకి పారిపోయింది. బంపర్ పగిలింది, బానెట్ ఒక పక్క కాస్త లేచింది, కానీ బండి స్టార్ట్ అవుతోంది, కింద ఏమీ కారడం లేదు. ఇప్పుడు డిండిలో మీ మామయ్య ఇంటి ముందు ఉంది. రేపు ఆఫీసు ఉంది, అలాగే హైదరాబాద్ దాకా నడుపుకుంటూ పోవచ్చా, ఇన్సూరెన్స్ పెట్టాలా లేక చేతి డబ్బుతో చేయించుకోవాలా, ఫారెస్ట్ వాళ్లతో ఏమైనా లొల్లి ఉంటుందా అని అడిగావు.

జవాబు ముందే చెప్తా. నడపొద్దు. బస్సెక్కి ఆఫీసుకు పో, బండి అక్కడే ఉండనీ. బంపర్ విప్పి లోపల చూసిన తర్వాతే అది కదలాలి, లేదంటే క్యారియర్ బండి మీద ఎక్కించి పంపాలి. కడగొద్దు, విరిగిన ముక్కలు పారేయొద్దు, ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ రోజే ఫోన్ చెయ్. క్లెయిమ్ పెట్టాలా వద్దా అన్నది ఎస్టిమేట్ చూశాక తేల్చుకోవచ్చు, కానీ సమాచారం ఇవ్వడం మాత్రం ఆలస్యం చేయకూడదు. ఫారెస్ట్ వాళ్లకు కూడా చెప్పు, దాని సంగతి కింద రాస్తా.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, కల్వకుర్తిలో ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నా, శ్రీశైలం రోడ్డు మీద పందిని, దుప్పిని గుద్దిన బండ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి, పల్లి, మక్క చేతికొచ్చే రోజుల్లో ఇంకా ఎక్కువ. వాటిలో పెద్ద బిల్లు అయిన బండ్లన్నీ దాదాపు ఒకటే రకం. జంతువు గుద్దినందుకు కాదు, గుద్దాక "స్టార్ట్ అవుతోంది కదా" అని నడిపినందుకు పోయినవి.

పోయిన ఏడాది పల్లి పీకే రోజుల్లో ఒకాయన కుటుంబంతో శ్రీశైలం నుంచి వస్తూ డిండి దగ్గర పందిని గుద్దాడు. సరిగ్గా నీలాగే, బంపర్ పగిలింది, కింద చుక్క కూడా లేదు. పిల్లలు ఏడుస్తున్నారు, ఊరు కాని ఊరు, ఎట్లయినా ఇల్లు చేరాలని బయలుదేరాడు. కొట్ర చౌరస్తా దాటాడు, అంటే మా షెడ్డుకు దగ్గరగానే పోయాడు. వెల్దండ దాటాక బండి పికప్ తగ్గింది, ఇంజిన్‌లోంచి గరగరమని శబ్దం వచ్చింది, ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు. ఇంజిన్ పట్టేసింది. తాళ్లు కట్టి వెనక్కి లాక్కొచ్చారు. బంపర్ విప్పి చూస్తే రేడియేటర్ కింది మూల, అల్యూమినియం కోర్‌కు ప్లాస్టిక్ ట్యాంక్ కలిసే చోట, వెంట్రుకంత చీలిక. అంతే. ఇంజిన్ హెడ్ వంగిపోయింది, పిస్టన్లు గీసుకుపోయాయి. ఇంజిన్ బిల్లు ముందు భాగం బిల్లుకు రెండింతల పైనే వచ్చింది, ఆ ఇంజిన్ బిల్లులో ఇన్సూరెన్స్ రూపాయి ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో తర్వాత చెప్తా.

ముందు "కారడం లేదు" అన్న నీ మాట గురించి. ఆగి ఉన్న చల్లటి బండి కింద ఏమీ కారకపోతే అది బాగున్నట్టు కాదు. కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, వేడెక్కినప్పుడు ఆ పైపుల్లో, రేడియేటర్‌లో ప్రెజర్ పెరుగుతుంది, అప్పుడే ఆ చీలిక నోరు తెరుస్తుంది. చల్లారగానే మూసుకుంటుంది. పైగా రోడ్డు మీద గాలికి కారిన కూలెంట్ వెనక్కి కొట్టుకుపోతుంది, వేడి ఇంజిన్ మీద పడి ఆవిరైపోతుంది, నీకు మరక కూడా కనపడదు. మరి మీటర్‌లో తెలియదా అంటే, కొన్ని చిన్న కార్లలో టెంపరేచర్ ముల్లే ఉండదు, ఎర్ర లైటు ఒక్కటే ఉంటుంది. ఆ లైటుకు కబురు పంపే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగా చెప్తుంది. కూలెంట్ మొత్తం పోయి సెన్సర్ గాల్లో ఉంటే ఇంజిన్ మాడిపోతున్నా అది చల్లగానే ఉందని చెప్పొచ్చు. ఆ వెల్దండ బండిలో లైటు వెలగనే లేదని ఆయన ప్రమాణం చేసి చెప్పాడు. నేను నమ్మాను.

ఇక పంది దెబ్బ గురించి. దుప్పి కాళ్లు పొడుగు, బంపర్ కాళ్లకు తగిలితే ఒళ్లంతా బానెట్ మీదికి, ఒక్కోసారి ముందు అద్దం మీదికి వస్తుంది. కణితి, మనుబోతు లాంటివైతే బరువు ఇంకా ఎక్కువ, అక్కడ బండి కన్నా లోపలి మనుషులకు ప్రమాదం. పంది అలా కాదు. పొట్టిది, గట్టిది, పెరిగిన మగ పంది వంద కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, ఆ బరువంతా బంపర్ కింది సగం మీద పడుతుంది. బంపర్ వెనక ఉండే ఇనుప బీమ్ సాధారణంగా కాస్త పైన ఉంటుంది. కింద జాలీ వెనక అడ్డం ఏమీ ఉండదు, నేరుగా ఏసీ కండెన్సర్. దాని వెనక రెండు వేళ్ల సందులో రేడియేటర్, దాని వెనక ఫ్యాన్. అందుకే బయటికి చూస్తే "బంపర్ ఒక్కటే కదా" అనిపిస్తుంది, లోపల మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పంది బండి కిందికి దూరితే ఇంజిన్ కింది కవర్, ఇంజిన్ ఆయిల్ ఉండే సంప్, ఒక్కోసారి చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ దాకా పోతుంది.

నీ బానెట్ ఒక పక్క లేచిందని రాశావు చూడు, అది నాకు అన్నిటికన్నా భయం. బానెట్ లాక్ కూర్చునేది రేడియేటర్‌ను పట్టుకునే చట్రం, అంటే రేడియేటర్ సపోర్ట్ మీద. సపోర్ట్ వెనక్కి వంగితే లాక్ సగం పట్టుకుని ఉంటుంది. రెండేళ్ల కింద అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక బండి హాజీపూర్ చౌరస్తా దగ్గర స్పీడు అందుకోగానే బానెట్ ఎగిరి అద్దానికి అతుక్కుంది, రోడ్డు కనపడలేదు, ఎదురుగా ఏదీ రాకపోవడం వాళ్ల అదృష్టం. మా దగ్గరికి వచ్చినప్పుడు వైపర్లు బానెట్ కిందే ఇరుక్కుని ఉన్నాయి. కాబట్టి ఇంటి ముందు నుంచి పక్క వీధికి జరపాల్సి వచ్చినా సరే బానెట్‌ను గట్టి తాడుతో కట్టి జరుపు.

ఇప్పుడు నువ్వే చూసుకోగలిగినవి కొన్ని. ఈ రాత్రి ముందు చక్రాల మధ్య ఒక పెద్ద అట్టముక్క పరిచి పెట్టు. పొద్దున దాని మీద మరక ఉంటే రంగు చూడు. ఆకుపచ్చ, గులాబీ లేదా నారింజ రంగులో జిడ్డుగా ఉంటే కూలెంట్. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఎర్రటి నూనె అయితే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ది గానీ పవర్ స్టీరింగ్‌ది గానీ. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందా చూసి, మార్కర్‌తో గీత పెట్టి ఫోటో తీసుకో. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోకు, ముఖం కాలుతుంది. టార్చ్ వేసి జాలీలోంచి కండెన్సర్ చూడు, ఆయిల్ తడి కనిపిస్తే ఏసీ గ్యాస్ పోయినట్టే, ఎందుకంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి వస్తుంది. ముందు టైర్లకు లోపలి ప్లాస్టిక్ లైనర్ తగులుతోందా చూడు. ఎయిర్‌బ్యాగ్ లైటు డాష్‌బోర్డ్ మీద వెలుగుతూనే ఉంటే అది వేరే సంగతి. ముందు భాగంలో ఉండే క్రాష్ సెన్సర్ గానీ దాని వైరు గానీ దెబ్బతిని ఉండొచ్చు, అలాంటప్పుడు ఎయిర్‌బ్యాగ్‌ను నమ్ముకోలేం. ఆ లైటు రాకుండా చేసి బండి ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి ఒప్పుకోకు.

ఇవన్నీ బాగున్నా సరే, అది హైదరాబాద్ పోవడానికి సర్టిఫికెట్ కాదు. డిండి, కల్వకుర్తి, దేవరకొండ ఎక్కడైనా సరే మంచి మెకానిక్‌ను ఇంటికే పిలిపించి బంపర్ విప్పించు, కూలింగ్ సిస్టమ్‌కు ప్రెజర్ టెస్ట్ చేయించు. చేతి పంపులాంటి సాధనం మూత స్థానంలో బిగించి ప్రెజర్ ఎక్కించి పది నిమిషాలు చూస్తారు. ముల్లు దిగకపోతే రేడియేటర్ ప్రస్తుతానికి బతికి ఉన్నట్టు. తర్వాత స్టార్ట్ చేసి ఫ్యాన్ తిరిగేదాకా ఉంచాలి. ఫ్యాన్ కవర్ వంగి రెక్క తగులుతుంటే హైవే మీద గాలికి ఏమీ తెలియదు, హైదరాబాద్ దగ్గర తుక్కుగూడ ట్రాఫిక్‌లో దొరికిపోతావు.

ఎవరైనా "రేడియేటర్‌లో పసుపు వేస్తే లీక్ ఆగుతుంది" అంటారు, మా నాన్న కాలం నుంచి లారీ వాళ్లు చేసే పని అది. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్ల గొట్టాలు సన్నవి, పసుపు గానీ లీక్ పౌడర్ గానీ లీక్‌తో పాటు దారి కూడా మూసేస్తుంది. వేయొద్దు.

ఇన్సూరెన్స్ సంగతి. నీది ఎదుటివాళ్ల నష్టానికే ఇచ్చే థర్డ్ పార్టీ మాత్రమే అయితే ఏమీ రాదు, అక్కడితో లెక్క అయిపోయింది. కాంప్రెహెన్సివ్ అయితే, అంటే నీ బండి నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ ఉంటే, జంతువును గుద్దడం కూడా యాక్సిడెంటే, వస్తుంది. కానీ పాలసీలో ఒక మినహాయింపు ఉంటుంది, దాన్ని కాన్సిక్వెన్షియల్ లాస్ అంటారు. అంటే ప్రమాదంలో పగిలింది వాళ్లు ఇస్తారు, పగిలిన తర్వాత నువ్వు నడపడం వల్ల పోయింది ఇవ్వరు. వెల్దండ ఆయనకు ఇంజిన్ డబ్బు రానిది అందుకే. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉంటే కొన్నిట్లో అవకాశం ఉంటుంది, పేపర్ చదివి చూసుకో.

కడగొద్దు అన్నది కూడా ఇందుకే. జాలీలో, కండెన్సర్ రెక్కల్లో ఇరుక్కున్న ఆ బిరుసు వెంట్రుకలే నీ సాక్ష్యం. దగ్గరి నుంచి ఫోటోలు తీయి, నంబర్ ప్లేట్ కనపడేట్టు ఒకటి, ఆ చోట రోడ్డుది ఒకటి. జరిగింది జరిగినట్టు చెప్పు. "డివైడర్‌కు తగిలిందని చెప్పు, తొందరగా అవుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. నష్టం లెక్కేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ వెంట్రుకలు చూశాక నీ మాట అబద్ధమైతే మొత్తం క్లెయిమ్ పోతుంది. ఎదుటి మనిషికి దెబ్బ లేనప్పుడు సాధారణంగా ఎఫ్‌ఐఆర్ అడగరు, కంపెనీ అడిగితే స్టేషన్‌లో రాయించుకో.

పెట్టాలా వద్దా అన్నదానికి ఒక లెక్క వేసి చూపిస్తా. నీ కారుకు నాలుగో ఏడు నడుస్తోందన్నావు, ఇప్పటిదాకా క్లెయిమ్ లేదన్నావు. సామాను మీద తరుగు కోయకుండా ఇచ్చే జీరో డెప్ యాడ్-ఆన్ లేదనుకుందాం. లెక్క కోసం బిల్లు ఇలా అనుకో: బంపర్, ప్లాస్టిక్ సామాను 4,000, రేడియేటర్, కండెన్సర్ 14,000, బానెట్ 8,000, పెయింటింగ్ 8,000, లేబర్ 4,000. మొత్తం 38,000. ప్లాస్టిక్, రబ్బరు మీద 50 శాతం తరుగు తీస్తారు, 2,000 పోయింది. మూడు నుంచి నాలుగేళ్ల బండికి ఇనుము, అల్యూమినియం సామాను మీద 25 శాతం, అంటే 22,000లో 5,500. పెయింటింగ్‌లో నాలుగో వంతు మెటీరియల్‌గా లెక్కేసి దానిలో సగం, 1,000. లేబర్ పూర్తిగా ఇస్తారు. ఇంకా 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000. నీ జేబులోంచి 9,500, కంపెనీ ఇచ్చేది 28,500.

ఇప్పుడు పోయేది చూడు. నీకు ఇప్పుడు 35 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో తగ్గింపు, ఉంటుంది, వచ్చే ఏడు 45, ఆపైన 50. క్లెయిమ్ పెడితే వచ్చే ఏడు సున్నా, తర్వాత 20, 25, 35, 45 అని మళ్లీ మెట్లెక్కాలి. ఐదేళ్ల తేడాలు కూడితే ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 120 శాతం. ప్రీమియం 8,000 అనుకుంటే 9,600, నిజానికి బండి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి ఇంకా తక్కువే. 28,500 వచ్చే చోట 9,600 పోతే క్లెయిమ్ పెట్టాలి. కానీ బంపర్, జాలీ, పెయింట్ కలిపి పది పన్నెండు వేలలో తేలితే పెట్టొద్దు, చేతి డబ్బే మేలు. అందుకే ముందు విప్పించి ఎస్టిమేట్ రాయించుకోమంటున్నా. సర్వేయర్ చూడకముందు మాత్రం ఒక్క సామాను కూడా మార్చకు. ముందు విప్పడానికైనా కంపెనీ వాళ్లతో ఒక మాట చెప్పి, విప్పేటప్పుడు ఫోటోలు తీస్తూ ఉండు.

ఫారెస్ట్ వాళ్ల గురించి. గాయపడిన పంది చేనులో ఉంది. అది ఆ రైతు మీద, పొద్దున నీళ్లు పెట్టడానికి వచ్చే ఆడవాళ్ల మీద పడుతుంది. లొల్లి సంగతి పక్కన పెట్టు, ముందు దీనికోసమైనా బీట్ ఆఫీసర్‌కో, దగ్గరి రేంజ్ ఆఫీసుకో చెప్పాలి, లేదా 112కు చెయ్. వెతుక్కుంటూ నువ్వు లోపలికి పోకు. ఒకవేళ చచ్చి దొరికినా అది ఎవరిదీ కాదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం సర్కారుది. బండి ఆగిన పది నిమిషాల్లో గోనె సంచులతో వచ్చేవాళ్లను నేను చూశాను. డిక్కీలో వేసుకోమని నీకూ చెప్తారు. మాంసం ముట్టుకుంటే అప్పుడు నిజంగా కేసు అవుతుంది, యాక్సిడెంట్ కేసు కాదు, వేట కేసు. అడవి కాని రెవెన్యూ భూముల పక్కన రోడ్డు మీద అడ్డం వచ్చిన పందికి, ఆగి సమాచారం ఇచ్చిన మనిషిని సతాయించడం నేను చూడలేదు. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలైతే వేరు. అక్కడ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూస్తారు, స్పీడు పరిమితి ఉంటుంది, జంతువు చస్తే కేసు పెట్టొచ్చు. ఆ రోడ్డు దుప్పులది, కణుతులది, పులిది. మనం దాటిపోయేవాళ్లం.

బాగు చేయించేటప్పుడు కొన్ని మాటలు గుర్తుంచుకో. లోపలి ఇనుప బీమ్, రేడియేటర్ సపోర్ట్ వంగితే సుత్తితో సరిచేసి పెట్టనీయకు, కొత్తవి వేయించు. తర్వాతి దెబ్బ ఆపేవి అవే. బండి ముందు భాగపు ఇనుప చట్రం, అంటే ఏప్రాన్, లాంగ్ మెంబర్ వంగిందా అని రెండు పక్కలా కొలతలు తీయమను, బానెట్‌కు ఫెండర్‌కు మధ్య సందు రెండు పక్కలా సమానంగా లేకపోతే అనుమానించాలి. హెడ్‌లైట్ అద్దం బాగుండి దాన్ని బిగించే చెవులు మాత్రమే విరిగితే ప్లాస్టిక్ వెల్డింగ్ చాలు, మొత్తం లైట్ మార్చక్కర్లేదు. చివరగా వీల్ అలైన్‌మెంట్. వెంట్రుకలు సర్వే అయ్యాక నోస్ ప్లయర్‌తో ఒక్కొక్కటీ తీయాలి, చేతికి గ్లవ్స్ వేసుకుని. నేను ఒకసారి గంటన్నర కూర్చుని తీశాను, కండెన్సర్ రెక్కల మధ్య నెత్తురు ఎండి, వెంట్రుకలు సూదుల్లా గుచ్చుకుని ఉంటాయి. నీళ్ల ప్రెజర్ కొడితే రెక్కలు పడుకుంటాయి, వదిలేస్తే వారం తర్వాత వేడెక్కినప్పుడల్లా వాసన లోపలికి వస్తుంది.

దెబ్బ తిన్నాక చాలామంది బంపర్ ముందు ఇనుప కడ్డీల బుల్ గార్డ్ బిగించమని అడుగుతారు. నేను బిగించను. 2017లోనే కేంద్రం వాటిని నిషేధించింది. అది దెబ్బను నేరుగా ఛాసిస్‌కు పంపుతుంది, ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకుండా చేయొచ్చు, రేపు నీ ముందు పడేది పంది కాక సైకిల్ మీది మనిషి అయితే బతకడు.

మళ్లీ ఆ రోడ్డున రాత్రి వస్తావు కాబట్టి ఒక్క మాట. ఒక పంది దాటిందంటే వెనక ఇంకో నాలుగు ఉంటాయి, మొదటిది పోగానే స్పీడు అందుకోకు. అడ్డం వస్తే స్టీరింగ్ కొట్టకు, గట్టిగా పట్టుకుని నేరుగా బ్రేక్ వెయ్. పందిని తప్పించబోయి మోరీలో పడ్డ బండి మా షెడ్డులో మూడు నెలలు ఉంది, దాన్ని తీసుకుపోవడానికి నడిపినాయన తమ్ముడు వచ్చాడు.

పొద్దున అట్టముక్క ఫోటో, కూలెంట్ డబ్బా గీత ఫోటో, బానెట్ లేచిన పక్కది ఒకటి ఇక్కడ పెట్టు. ఎనిమిదింటికి షెడ్డు తెరుస్తా, చూసి చెప్తా.